మూడుసార్లు ఊగిన తల

తాంబూలం నోట ఉన్నంతసేపు మనిషి నవ్వరాదు, తుమ్మరాదు, రాజ్యాల నడుమ సంధి మాట్లాడరాదు. మొదటి రెండింటివల్ల ఎదుటివారి బట్టలు మాత్రమే పాడవుతాయి. మూడవదానివల్ల చరిత్ర పాడవుతుంది. ఇంతటి మహాసత్యాన్ని పూర్వ శాస్త్రకారులెవ్వరూ గ్రంథస్థం చేయకపోవడం విచారకరం. కుంభినీపుర రాయబారి సుభాషణుడు దానిని స్వయంగా కనుగొనవలసివచ్చింది. కనుగొన్న స్థలం నీలగహ్వర కోట వెలుపల, ఒక బొమ్మజెముడు డొంక వెనుక. కనుగొన్న భంగిమ, రెండు చేతులూ మోకాళ్లపై ఆనించి, వంగి, ఉమ్ముతూ.

ఆ రెండు రాజ్యాల వైరానికి కారణం ఒక కొండ నీడ. కొండ కుంభినీపురంలో ఉన్నది. మధ్యాహ్నం తిరిగేసరికి దాని నీడ సరిహద్దు దాటి నీలగహ్వరపు నువ్వుచేల మీద పరుచుకొనేది. నీడలో నువ్వు పూయదు. "మీ కొండ మా నేలను ఆక్రమిస్తున్నది" అని నీలగహ్వరాధిపతి ప్రచండకేతుడు కబురుపెట్టాడు. "నీడ మాది గనుక అది పడిన నేల కూడా మాదే అవుతుందేమో పరిశీలిస్తున్నాము" అని కుంభినీపురపు విశాలవర్మ మహారాజు జవాబుపెట్టాడు. ఈ పరిశీలన పన్నెండేళ్లు సాగింది. ఎందరో వీరులు ఆ నీడ కోసం ఎండలో ప్రాణాలు విడిచారు. చివరకు విశాలవర్మకు వయస్సు మీదపడి, కూర్చుని మాట్లాడుకుందామన్న బుద్ధి పుట్టింది. ఆ మాట మోసుకువెళ్లడానికి, సామాన్యుల ఇంట పుట్టినా నాలుక బలంతో రాయబారియైన సుభాషణుణ్ణి పంపాడు.

సందేశం చిన్నది. "రేపు సూర్యోదయానికి మీ కోట వాకిటికి దండ పంపుతున్నాము. స్వీకరించండి." పూలదండ స్వీకరిస్తే చర్చకు సమ్మతించినట్లు. ఇంత చిన్న సందేశాన్ని తనవంటి వాగ్మికి అప్పగించడం అవమానమని సుభాషణుడు దారిపొడవునా అనుకొన్నాడు.

నీలగహ్వర సభలో అతిథికి రాజు స్వహస్తంతో తాంబూలం ఇస్తాడు. ఇరవైయొక్క తమలపాకులు మడిచి లవంగం గుచ్చిన ఆ కట్టడాన్ని ఒక్కసారిగా నోట పెట్టుకోవాలి. రాజు సమక్షంలో ఉమ్మడం నిషిద్ధం. ఇతర రాయబారులు ఓపికగా నమిలి, మింగి, అటుపైన నోరు విప్పేవారు. సుభాషణుడికి అంత ఓపిక లేదు. సభ నిశ్శబ్దంగా ఉన్నది, నూరుగురు సామంతులు చూస్తున్నారు, భుజాన అప్పుడే కప్పిన తెల్లని పట్టు ఉత్తరీయం మెరుస్తున్నది. గడ్డం పైకెత్తి, ఎర్రని రసం జారకుండా పెదవులను చెంబుమూతిలా గుండ్రన చేసి, సందేశం పలికాడు. పెదవులు గుండ్రన చేస్తే అకారం ఉకారమవుతుంది. దండ దండు అయింది. ఇది కేవలం ఉచ్చారణ విషయం. ఇందులో ఎవరినీ నిందించలేము.

నిందించవలసినది ఆ తరువాత జరిగింది.

నీలగహ్వరంలో 'మారుమాట' అనే సదాచారం ఉన్నది. ఎవరేమి చెప్పినా, ఆ మాటను వారికే తిరిగి చెప్పి, "ఇదేనా తమ మాట?" అని మూడుసార్లు అడిగి, ఔననిపించుకొన్న తరువాతనే జవాబు చెప్పాలి. రాజు వైతాళికుడు ముందుకు వచ్చి, "రేపు సూర్యోదయానికి మా కోట వాకిటికి దండు పంపుతున్నారు. ఇదేనా తమ మాట?" అన్నాడు. సుభాషణుడు తన కంఠధ్వని స్తంభాల నడుమ ఇంకా మోగుతున్నదేమోనని వింటున్నాడు. తల ఊపాడు. వైతాళికుడు రెండవసారి అడిగాడు. ఎక్కడో ఏదో తేడాగా వినిపించింది. తల ఊపాడు. మూడవసారి అతడు ఒక్కొక్క అక్షరం విడదీసి అడిగాడు. సుభాషణుడికి స్పష్టంగా వినిపించింది. కాదనాలంటే నోరు తెరవాలి. నోరు తెరిస్తే నూరుగురు సామంతుల ఎదుట తెల్లపట్టు మీద ఎర్రని కాలువ. లేఖ రాసి సరిదిద్దవచ్చులే అనుకొన్నాడు.

తల ఊపాడు.

లేఖ రాయలేదని అనడానికి వీలులేదు. సరిహద్దు సత్రంలో ఆ మధ్యాహ్నమే మొదలుపెట్టాడు. తెల్లవారేసరికి సంబోధన నాలుగు పుటలు నిండింది. విషయం ఇంకా రాలేదు. జాము పొద్దెక్కాక వచ్చినది పల్లకీ బోయీ దాసన్న.

"అయ్యగారూ, కొంప మునిగిందండీ. మన పెద్దమ్మగారిని పట్టేసుకున్నారు."

పెద్దమ్మగారంటే చేమంతమ్మ. కుంభినీపుర రాజగృహపు పూలకొట్టుకు అధికారిణి. తల్లి పోయిన సుభాషణుణ్ణి ఆరేళ్ల వయస్సునుంచి పెంచి, అక్షరాలు దిద్దించి, రాజుగారి ఎదుట నిలబెట్టినది ఆవిడే. తాను కట్టిన దండను ఇంకెవరి చేతికీ ఇవ్వనని, గంప నెత్తిన పెట్టుకొని, ఒక్కతే నీలగహ్వర కోట వాకిటికి నడిచివెళ్లింది. అక్కడ నాలుగు వందలమంది విలుకాండ్రు దండు కోసం ఎదురుచూస్తున్నారు.

"ఒక్క మనిషిని చూసి దండు అని ఎట్లా అనుకున్నారురా?" అన్నాడు సుభాషణుడు.

"వాళ్ల సేనాని లెక్క వేరండీ. దండు వస్తుందన్నారు, వచ్చింది ఈవిడ, కాబట్టి ఈవిడే దండు అన్నాడు. మంత్రగాడు జంబుకభట్టుకి అప్పగించారు. పొద్దుగుంకే వేళకి రాతిస్తంభం చేసి కోట ముందు నిలబెడతారట. మా రాయబారిగారిని అడగండి, దండ అనే చెప్పాడు అని ఆవిడ మొత్తుకుంటూనే ఉందండీ. ఆయన మూడుసార్లు తల ఊపాడమ్మా అని వాళ్లు." దాసన్న ఒక్క క్షణం ఆగాడు. "మీరు అట్లా ఊపి ఉండరుగా, అయ్యగారూ?"

సుభాషణుడు కలం పక్కన పెట్టాడు. లేచి నిలబడ్డాడు.

అప్పుడతడు చేయవలసిన పని ఒక్కటే. కోట వాకిటికి పోయి, "తప్పు నాది" అనాలి. రెండు మాటలు. నాలుగు పుటల సంబోధన రాసినవాడికి రెండు మాటలు ఒక లెక్క కాదు. కాని ఆ రెండు మాటలకు బదులు అతడు మొలలోనుంచి కీరగుళిక తీశాడు. గత మాసం వింధ్యాటవిలో ఒక యోగిని ప్రాణాపాయంలో వాడుకొమ్మని ఇచ్చిన గుళిక అది. మింగినవాడు అరఘడియ సేపు చిలుక అవుతాడు. సత్యం చెప్పడానికి తన ముఖమే కావాలని లేదు, చిలుక ముఖమైనా చాలునని అతడికి తోచింది. సిగ్గు మనిషికి ఎంతటి ఊహాశక్తినైనా ఇస్తుంది.

మరుక్షణం పచ్చని రెక్కలు గాలిని కోశాయి. నువ్వుచేలు, బురుజులు, బురుజుల మీద విలుకాండ్రు క్రింద దొర్లిపోయారు. ఒక డేగ వెంటపడింది. చిలుక ధ్వజస్తంభాన్ని మూడుసార్లు చుట్టి, వంటశాల పొగలో దూరి, తోకలో రెండు ఈకలు పోగొట్టుకొని, సభామండపపు గవాక్షంలోనుంచి లోపలికి దూసుకుపోయింది. ఆ మండపాన్ని వర్ణించక తప్పదు. నీలమణులు తాపిన పైకప్పు మేఘంలా వంగి ఉన్నది. స్తంభాలపై చెక్కిన నాగకన్యలు కన్నీళ్లకు బదులు ముత్యాలు రాలుస్తున్నారు. సింహాసనపు మెట్లకు రెండు వైపులా బతికున్న పులులు ఆవులిస్తున్నాయి. ఇంతటి వైభవం నడుమ, రాజు భుజం ప్రక్కన బంగారు కమ్మీపై, ఒక పెంపుడు గండుపిల్లి కూడా ఉన్నది. దానిని చిలుక చూడలేదు.

"దండ," అన్నది చిలుక గొంతెత్తి. సభ తల తిప్పింది. చిలుక ధైర్యం తెచ్చుకొన్నది. తరువాతి మాట 'నా తప్పు' కావలసినది. "నా…" అనగానే పిల్లి దూకింది.

చిలుక తప్పించుకొని గవాక్షం దాటింది. లోపల వృద్ధమంత్రి చేతులు జోడించి లేచాడు.

"ప్రభూ, ఆలకించారా? పక్షి 'దండనా' అన్నది."

"అడిగిందా, చెప్పిందా?" అన్నాడు ప్రచండకేతుడు.

"మారుమాటకు అది నిలవలేదు ప్రభూ. ఏదైనా, దండన ఆలస్యమవుతున్నదనే దాని భావం కావచ్చు."

"అయితే పొద్దుగుంకే దాకా ఎందుకు? మధ్యాహ్నానికే కానివ్వండి."

గవాక్షం వెలుపల చూరుకు వేలాడుతున్న చిలుక ఇదంతా విన్నది. పెద్దమ్మ ఆయుష్షులో సగం పూటను తన సగం మాట మింగేసింది. గుళిక బలం కూడా అప్పుడే తీరింది. పచ్చని ఈకలు రాలి, ముప్పయ్యేళ్ల రాయబారి, రాజలాంఛనాలతో సహా, ఏడు నిలువుల ఎత్తునుంచి కోట కందకంలో పడ్డాడు.

కందకంలో మొసళ్లు ఉండడం కోటలకు మర్యాద. ఈ కోట మర్యాద తప్పినది కాదు. ఒకటి అతడి తలపాగాను అందుకొన్నది. పాతిక మూరల జరీ పాగా దాని పళ్లకు చుట్టుకొని, అది విప్పుకొనేలోగా సుభాషణుడు గట్టెక్కాడు. గట్టున జనపనార ఆరవేసి ఉన్నది. ఎండ నడినెత్తికి ఎక్కుతున్నది. అతడొక పిడికెడు నార తీసి గడ్డంగా కట్టుకొన్నాడు. ఇంకొక పిడికెడు జడలుగా చుట్టుకొన్నాడు. తడిసిన పట్టుబట్ట తిరగవేసి కప్పుకొన్నాడు. నీలగహ్వర ధర్మం ప్రకారం శిక్షపడినవారికీ శిక్షించేవారికీ నడుమ పరదేశి తగవరి ఒకడు కూర్చుని ఇరువైపుల మాట వినవచ్చు. తగవరి మాట రాజు కూడా తోసివేయడు. తన పేరు చెప్పకుండానే పెద్దమ్మను విడిపించే మార్గం ఇంకా ఒకటి మిగిలి ఉన్నదని అతడికి ప్రాణం లేచివచ్చింది.

కోట ముందరి ఎర్రరాతి ప్రాంగణంలో జంబుకభట్టు హోమం సాగుతున్నది. అతడి కనుబొమ్మలు చెవులదాకా పెరిగి ఉన్నవి. మెడలో నూటయెనిమిది గుడ్లగూబ గోళ్లు. అతడు మంత్రం చదివినప్పుడల్లా హోమగుండంలోని మంట నీలంగా మారి, నాలుకలా చాచి, ఎదుట నిలబెట్టిన మనిషి పాదాలు నాకుతున్నది. ఆ మనిషి చేమంతమ్మ. పాదాలు, పిక్కలు, మోకాళ్లు అప్పటికే నల్లరాయి అయ్యాయి. రాయి తొడల మీదికి ప్రాకుతున్నది. ఆవిడ కొప్పు చెదరలేదు. గంప సంకలోనే ఉన్నది.

"త్రికూటద్వీపపు తగవరిని," అన్నాడు సుభాషణుడు గొంతు మార్చి. "ఇరువైపుల మాట వినడానికి వచ్చాను."

ప్రచండకేతుడు గొడుగు క్రిందనుంచి లేచి నమస్కరించాడు. జనం శత్రువని చెప్పుకొనే ఆ రాజు వృద్ధుడూ, బక్కపలుచనివాడూ, మర్యాదస్థుడూ.

"కూర్చోండి, తగవరిగారూ. మా ఆచారం మీకు తెలిసే ఉంటుంది. వారి మాట వీరికి, వీరి మాట వారికి తిరిగి చెప్పండి. ఎవరి మాట వారికి సరిపోయిందనిపించాకనే తీర్పు."

"రాయి తొడ దాటుతోంది ప్రభూ," అన్నాడు జంబుకభట్టు. "కాస్త క్లుప్తంగా కానివ్వమనండి. మంత్రానికి మర్యాదలు తెలియవు."

"నువ్వు కాసేపు ఊరుకోవయ్యా," అన్నది చేమంతమ్మ. "పెద్దవాళ్లు మాట్లాడుతున్నారు కదా."

రాజు తన మాట చెప్పాడు. "రాయబారి దండు అన్నాడు. మూడుసార్లు అడిగాము. మూడుసార్లూ తల ఊపాడు. నా ప్రజలను కాపాడుకోవడం నా ధర్మం."

సుభాషణుడు దానిని తిరిగి చెప్పాలి. "రాయబారి… మూడుసార్లు తల ఊపాడు," అన్నాడు. నార గడ్డం క్రింద చెమట కారింది. ఆ మాటను తన నోటితో తానే పలకడం ఇది మొదటిసారి. రాజు తల పంకించాడు. సరిపోయింది.

చేమంతమ్మ తన మాట చెప్పింది.

"మా సుభాషణుడు దండ అనే చెప్పి ఉంటాడు, బాబూ. వాణ్ణి నేను పెంచాను. కావాలని తప్పు మాట చెప్పే పిల్లవాడు కాదు. తల ఊపాడూ అంటే వాడికి అడిగింది సరిగా వినపడి ఉండదు. మీ వాళ్లు నోట్లో నోట్లో అడిగి ఉంటారు. తప్పు మీ రాజుగారి సభది, మావాడిది కాదు. ఇదీ నా మాట."

జనంలో కలకలం పుట్టింది. రాజసభను నిందించడం నీలగహ్వరంలో ఇంకొక మరణశిక్షకు చాలు. ఆవిడకది తెలుసు. రాయి నడుము అంచు తాకింది.

"తిరిగి చెప్పండి," అన్నాడు రాజు.

"ఈవిడ చెప్పేది ఏమంటే," అని మొదలుపెట్టాడు సుభాషణుడు, "దండకూ దండుకూ నడుమ ఒక ఉచ్చారణభేదం, ఉభయపక్షాల అనవధానత, కాలవైపరీత్యం…"

"నేను అన్నది అది కాదు," అన్నది చేమంతమ్మ.

అతడు మళ్లీ ఎత్తుకొన్నాడు. "రాయబారి ఉద్దేశం మంచిదే గాని, పరిస్థితుల ప్రాబల్యంవల్ల…"

"అదీ కాదు నాయనా. నువ్వు ద్వీపంవాడివి కాబట్టి మా భాష పట్టుబడినట్టు లేదు. చిన్న మాటే. వాడు తెలిసి తప్పు చెయ్యడు. అంతే. చెప్పు."

సుభాషణుడు నోరు తెరిచాడు. అందులో ఇప్పుడు తాంబూలం లేదు, ఏ అడ్డమూ లేదు. ఆవిడ అతడి ముఖంలోకి నమ్మకంగా చూస్తున్నది, నత్తివాడికి మాట అందించేవారిలాగా పెదవులు కదుపుతూ. అతడు 'వాడు' అన్నాడు. 'తెలిసి' అన్నాడు. తరువాతి మాట రాలేదు.

అతడు గడ్డం లాగివేశాడు. జడలు లాగివేశాడు.

"నేనే ప్రభూ, ఆ రాయబారిని. నోటినిండా తాంబూలం ఉన్నది. దండ అనబోయి దండు అన్నాను. మొదటిసారి నేను వినలేదు. రెండవసారి అనుమానం వచ్చింది. మూడవసారి తెలిసింది. బట్ట పాడవుతుందని, నలుగురూ నవ్వుతారని, తల ఊపాను. ఆవిడ తెచ్చినది పూలదండ. ఇందులో మీ సభ తప్పు లేదు."

"ఆపు," అన్నాడు రాజు జంబుకభట్టుతో. నీలిమంట నడుము దగ్గర ఆగిపోయింది.

ఆచారం ఆచారమే గనుక వైతాళికుడు ముందుకు వచ్చాడు. "నోటినిండా తాంబూలం ఉన్నది. మూడవసారి తెలిసింది. బట్ట పాడవుతుందని తల ఊపాను. ఇదేనా తమ మాట?" అని నిండు ప్రాంగణంలో గొంతెత్తి అడిగాడు. "ఔను," అన్నాడు సుభాషణుడు. మరల అడిగాడు. "ఔను." మూడవసారి అక్షరం అక్షరం విడదీసి, వెనుక వరుసల్లో నిలబడినవారికి కూడా వినబడేటట్లు అడిగాడు. "ఔను." మొసళ్ల నోట పడడం ఇంతకంటె సుఖంగా ఉన్నదని అతడికి గుర్తుకువచ్చింది.

చేమంతమ్మ గంపలోని పూలవైపు చూస్తున్నది.

"మూడోసారి సరిగ్గానే వినపడిందా?" అన్నది చివరకు.

"వినపడింది పెద్దమ్మా."

"ఊఁ."

ఆవిడ తిట్టి ఉంటే సుభాషణుడు తల ఎత్తగలిగేవాడే.

ప్రచండకేతుడు గొడుగు నీడలోనుంచి బయటికి వచ్చి, ఎండలో నిలబడ్డాడు. "రాయబారీ, నేనూ ఒక మాట చెప్పాలి. మీ బుగ్గ ఉబ్బి ఉండడం నేను చూశాను. మాట మసకగా ఉన్నదని కూడా తోచింది. అతిథితో నోరు కడుక్కొని రమ్మనడం బాగుండదని ఊరుకొన్నాను. మారుమాట మూడుసార్లు అడిగించాము గనుక మా బాధ్యత తీరిందనుకొన్నాము." ఆయన చేమంతమ్మ వైపు తిరిగాడు. "అడగడం వేరు, వినడం వేరు అని ఇవాళే తెలిసింది తల్లీ. దండ ఇటివ్వండి. మెడలో వేసుకొని మీ రాజుగారితో కూర్చుంటాను, ఆ నీడలోనే."

ఆవిడ నడుము పైభాగాన్ని మాత్రం వంచి దండ అందించింది. జనం జయధ్వానాలు చేయాలో కూడదో తెలియక ఒకరి ముఖాలొకరు చూసుకొన్నారు.

"రాయి సంగతి?" అన్నాడు సుభాషణుడు.

జంబుకభట్టు తన పొడుగాటి కనుబొమలు సవరించుకొన్నాడు. చేసిన పని ఆపడం తన విద్యలో ఉన్నది గాని, వెనక్కి తిప్పడం లేదని ఒప్పుకొన్నాడు. ఆ ఒప్పుకోలులో అతడి చెవులు ఎర్రబడ్డాయి. సప్తశైలాలకు ఆవల, సలసల కాగే అగ్నిహ్రదం ఒడ్డున, రెప్పవేయని సర్పం కాపలాలో శిలాద్రావిణి అనే మూలిక ఉన్నది. ఏడు పగళ్లలోగా దాని రసం పోస్తే రాయి మళ్లీ మాంసమవుతుంది. ఎనిమిదవ పగలు వస్తే మిగతా సగం కూడా రాయే. ఆ దారిన వెళ్లిన పదహారుమంది రాకుమారులలో ఒక్కడూ తిరిగిరాలేదు.

రాజు తన లాయంనుంచి వాయువేగమనే గుర్రాన్ని రప్పించాడు. దాని కళ్లు నిప్పుకణికలు, డెక్కలు నేల తాకీ తాకనట్లున్నవి. సుభాషణుడు చేమంతమ్మ ఎదుట మోకరిల్లి, రాతి పాదాలకు నుదురు ఆనించాడు. కన్నీళ్లు నల్లరాతి మీద జారాయి.

"పెద్దమ్మా, సూర్యచంద్రులు సాక్షిగా, అష్టదిక్పాలకులు సాక్షిగా, ఏడు పగళ్లలో, ఆకలిని లెక్కచేయక, నిద్రను దరిచేరనీయక, పర్వతాలను బద్దలుకొట్టి, సముద్రాలను…"

"లేచి బయలుదేరరా," అన్నది చేమంతమ్మ. "అంత తొందరేమీ పడకు, దారిలో వేళకు తిను. పద్నాలుగేళ్లుగా పీక్కుతింటున్న ఈ మోకాళ్ల నొప్పి ఇవాళే తగ్గింది."